ఓపికగల పిల్ల

బిడ్డ మోచేతి కింద తెల్లమచ్చ లేచిందని, సుల్తానాబాద్ శంకరవ్వ రోజూ పొద్దుగాల మగ్గం ఎక్కకముందే పిల్లను ముందట కూసోబెట్టుకొని సున్నిపిండితో రుద్దేది. మచ్చ పోకపోయేసరికి పిండిల ఇటుకపొడి కలిపింది. తోలు లేచి నెత్తురొచ్చినా తొమ్మిదేండ్ల అనసూర్య ఏడ్వలే. "నా బిడ్డకు ఎంత ఓపికో" అని శంకరవ్వ వాడకట్టోళ్లకు చెప్పుకొని మురిసేది.

పుండు ఎంతకూ మానకపోతే కరీంనగర్ దవాఖానకు తీస్కపోయింది. డాక్టరు పిల్లను కండ్లు మూసుకోమని, మచ్చ మీద సూదితోని గుచ్చిండు. పిల్ల కదలలే.

"ఇది కుష్టు, అమ్మా. గా మచ్చకు స్పర్శ లేదు. మందున్నది గని, నెలల తరబడి మింగాలె. ఇగ రుద్దకు. పుండు నీ రుద్దుడుకే అయ్యింది" అన్నడు.

శంకరవ్వ దవాఖాన మెట్ల మీద బిడ్డను ముందట కూసోబెట్టుకున్నది.

"నొస్తలేదని ఒక్కనాడన్న చెప్పకపోతివేందే, బిడ్డా?"

అనసూర్య తల వంచుకున్నది.

"చెప్తే రుద్దుడు బంద్ చేస్తవు గదా, అవ్వా. పొద్దంత నువ్వు మగ్గం మీదనే ఉంటవు. నా దగ్గర కూసునేది గప్పుడొక్కటే."