మేస్త్రీ ఊపిరి

రిపోర్టు చదివి వినిపించేసరికి అప్పలసూరికి ఒళ్ళు మండిపోయింది.

కార్మికుల ఊపిరి బాగానే ఉందట. దుమ్ము లాగే మిషను అక్కర్లేదట. మేనేజిమెంటు ఆ ఫైలు మూసేసిందట.

"బాగుందా? ఎవుడికి బాగుంది?" యూనియన్ షెడ్డు రేకులు అదిరేలా అరిచాడు. ఆ అరుపుకి దగ్గు పొడుచుకొచ్చింది. అలవాటు ప్రకారం మింగేశాడు.

హిందీ మాట్లాడే ఉత్తరాదిన ఉన్న జాముల్ ప్లాంటులో సిమెంటు బస్తాలు మోసే కాంట్రాక్టు జట్టుకి అతను మేస్త్రీ. జట్టు మొత్తం శ్రీకాకుళం వైపు నుంచి వచ్చినవాళ్ళే. మెడికల్ అంటే వాళ్ళకి హడలు. ఊపిరి తక్కువని తేలితే గేటు పాస్ పోతుందని భయం. అందుకే ఎప్పుడు పరీక్ష పెట్టినా వాము నమిలి, దగ్గు బిగబట్టుకుని వెళ్ళేవాళ్ళు.

ఈసారి అలా కుదరదన్నది అప్పలసూరే. ఊపిరి తక్కువని తేలితేనే మిషను వస్తుంది మరి.

"దాసకండర్రా. ఉన్నదున్నట్టు ఊదండి. మన పిల్లలైనా మంచి గాలి పీలుస్తారు" అని ఇంటింటికీ తిరిగి చెప్పాడు. మేస్త్రీ గనక జట్టులో అందరికన్నా మొదట గొట్టంలో ఊదింది కూడా తనే. అది చూసి మిగతావాళ్ళకి ధైర్యం వచ్చింది. అప్పలకొండ అయితే ఊది ఊది అక్కడే కూలబడ్డాడు. ఇంకా మంచం దిగలేదు.

ఆ అంకెలన్నీ కంప్యూటర్లో కొట్టింది అప్పలసూరి కూతురు భాగ్యరేఖ. పరీక్ష చేసిన క్లినిక్‌లో ఆమె ఆపరేటరు. మన పిల్ల చేతిలో పని, ఇంక మోసం ఎక్కడిదని జట్టంతా నిశ్చింతగా కూర్చుంది.

కాబట్టి కోపమంతా లెక్క కట్టిన టౌన్‌షిప్ సెక్టర్ 7 కుర్రాడు అనిరుధ్ మీదకి మళ్ళింది. పాపం, పిలవగానే లాప్‌టాప్ పట్టుకుని వచ్చాడు.

"నేనేమీ మార్చలేదు అంకుల్. ఇందాకే మొత్తం తిరగేసి చూశాను. తప్పు లెక్కలో లేదు, చదవడంలో జరిగింది."

"ఏటి సదవడం?"

"ఆర్ అని లెక్కల భాష ఒకటుంది. ఫైలు ఇస్తే దానంతట అదే చదువుకుంటుంది. మీవి చేత్తో రాసిన కాగితాలు కదా, అందుకని కీబోర్డు నుంచి చదివించాం. అంకె కొట్టాలి, ఎంటర్ నొక్కాలి. అంకె లేకుండా ఉత్త ఎంటర్ నొక్కితే, అయిపోయిందనుకుని చదవడం ఆపేస్తుంది. సరిగ్గా మీ జట్టు మొదలయ్యే చోట ఎవరో ఉత్త ఎంటర్ నొక్కారు. లెక్కలోకి వచ్చిన ఊపిరంతా మీ పేర్లకన్నా ముందున్న, ఏసీ గదుల్లో కూర్చునే ఆఫీసువాళ్ళదే."

ఆడవాళ్ళ మధ్య కూర్చున్న భాగ్యరేఖ ముఖం పాలిపోయింది.

"నహీ భయ్యా! తర్వాతవి కూడా అన్నీ కొట్టాను. కొట్టిన ప్రతి అంకె స్క్రీన్ మీద మళ్ళీ వచ్చింది."

"కనిపిస్తుంది దీదీ. లెక్కలో చేరదు."

"అయితే ఇప్పుడు మళ్ళీ కొడతాను!"

"కొట్టినా మేనేజిమెంటు మూసిన ఫైలు తెరవదట. అడిగే వచ్చాను."

 అప్పలకొండ భార్య చిన్నమ్మలు లేచింది.

"ఉత్తది నొక్కీమని ఎవులు సెప్పేరే నీకు? కంపెనీవోళ్ళకి అమ్ముడుపోనావేటే? నా మొగుడు గుండెలవిసీలాగ ఊదేడు గదే! ఆ ఊపిరి ఏటైపోయిందే?"

భాగ్యరేఖ తండ్రి వైపు ఒక్కసారి చూసింది. వెంటనే తల దించేసుకుంది.

"ఎవరూ చెప్పలేదు పిన్నీ. గలతీ నాదే. తప్పు నాదొక్కర్తిదే."

అంతసేపూ షెడ్డు ఎగిరిపోయేలా అరిచిన అప్పలసూరి చతికిలబడిపోయాడు. నేల వైపు చూస్తూ అన్నాడు.

"పిల్లనొగ్గీండి. తెలీక నొక్కీసుంటాది."

ఎంత మంచి మనిషికి ఎలాంటి కూతురు పుట్టిందని అందరూ జాలిపడ్డారు. ఒకరిద్దరు వచ్చి మేస్త్రీ భుజం తట్టారు. భాగ్యరేఖ పక్కన కూర్చున్న ఆడవాళ్ళు మాత్రం ఒక్కొక్కరే లేచి అవతలికి జరిగారు. అప్పలసూరి మళ్ళీ దగ్గు మింగాడు.

పరీక్ష అయిన సాయంత్రం రిసాలిలోని తమ ఇంట్లో కూతురి గెడ్డం పట్టుకుని, "అందరివీ కొట్టమ్మా, నా పేరు కాడ మాత్రం ఖాళీగా ఒగ్గీ, నా ఊపిరి సూసేరంటే గేటు పాస్ పీకీస్తారు" అని బతిమాలుకున్నది అప్పలసూరే.