మూడో గ్రిల్లు

"ఇది పేలుతుంది," అంది లోర్నా, పెట్టె ఇంకా విప్పకముందే.

"అమ్మా, అది ఇంకా అట్టపెట్టెలోనే ఉంది," అంది కెర్రిన్.

"పెట్టెలో ఉన్నవి పేలవని ఎవరు చెప్పారు నీకు?"

కూతురు కత్తితో టేపు కోసింది. ఈ గ్యాసు గ్రిల్లు ఇవ్వడానికే అడిలైడ్ నుంచి స్ట్రీకీ బే దాకా కారు తోలుకొచ్చింది. దుకాణంలో నిలబడి అన్నీ అడిగింది. మూత ఎత్తుగా ఉండాలి, లేకపోతే సముద్రపు గాలికి మంట నిలవదు. కాళ్లు మడతపడాలి, అమ్మానాన్నలు ఉంటూ ఊళ్లు తిరిగే కారవాన్ బండి కింది అరలో పట్టాలి. నాన్న నడుముకి బరువు కాకూడదు. సగం ఊచలు, సగం పెనం. మొత్తం మీద ఇది మూడో గ్రిల్లు. అమ్మానాన్నలు దారిలో కొన్న మొదటి రెండూ వెలగలేదని తిరిగిచ్చేస్తే, దుకాణాల వాళ్లు ముట్టించి చూసి, "మాకు బాగానే వెలుగుతోందే," అన్నారు.

"నాన్నకి మతి నిలకడగా ఉందో లేదో తేలాలి. ఈ సాయంత్రం తనంతట తాను దీన్ని వెలిగించి మాంసం సాసేజీలు కాల్చాలి," అంది కెర్రిన్ గొంతు తగ్గించి. "కాలిస్తే మీరిద్దరూ నల్లార్బర్ ఎడారి దాటి ఎక్కడిదాకైనా వెళ్లండి. లేకపోతే కారవాన్ నేను తీసుకెళ్లిపోతాను. నాన్నకి వృద్ధుల హోమ్‌లో గది చూసి ఉంచాను. ఇంక నాతో వాదించకు."

లోర్నా ఖాళీ అట్టపెట్టె మడతపెట్టింది. పొద్దున భర్త మెర్విన్ టీని కప్పులో పోయబోయి చక్కెర డబ్బాలో పోశాడు. పోసి, దానికేసి అలాగే చూస్తూ నిలబడ్డాడు. ఆ సంగతి ఆవిడ కూతురికి చెప్పలేదు. ఆ చేతులతో మంటా?

మెర్విన్ పటకారు పట్టుకుని కారవాన్ లోంచి దిగాడు. రెండుసార్లు టకటకలాడించాడు. ఆ చప్పుడుకి పక్క కారవాన్‌లో ఉండే డగ్ మడత కుర్చీ, బీరుతో సహా వచ్చి కూర్చున్నాడు.

"మెర్వ్, ఈ క్రిస్మస్‌కి తింటామా, వచ్చే క్రిస్మస్‌కా?"

"నీకు పళ్లుండగానే పెడతాలే," అన్నాడు మెర్విన్.

కెర్రిన్ నవ్వింది.  మెర్విన్ కారవాన్ ముందున్న సిలిండర్‌కి గొట్టం బిగించాడు, గ్యాసు తిప్పాడు, వెనక్కొచ్చాడు. "తువ్వాలు ఆరేసి వస్తా," అంటూ లోర్నా అటు నడిచింది.

సిలిండర్ మీద చెయ్యి వేసింది. ఈ ఒక్కసారికి వదిలేద్దాం అనుకుంది. వదిలేస్తే ఆయన చొక్కా అంటుకోవడం కళ్లకి కట్టింది. చెయ్యి దానంతటదే తిప్పి కట్టేసింది.

టిక్. టిక్. టిక్.

మంట రాలేదు. మెర్విన్ వంగి, చెవి దగ్గరగా పెట్టి విన్నాడు. మళ్లీ మీట నొక్కాడు. ఆ తర్వాత నిటారుగా నిలబడ్డాడు.

"పాడైంది. ఇది కూడా."

డగ్ బీరు డబ్బా మీది అక్షరాలు చదవడం మొదలుపెట్టాడు. కెర్రిన్ చెయ్యి చాపింది. "ఇటివ్వు నాన్నా." ఆ ఊళ్లల్లో గ్రిల్లు దగ్గర నిలబడ్డ మగవాడి చేతిలోంచి పటకారు ఎవరూ లాక్కోరు. మెర్విన్ ఇచ్చేశాడు. ఇచ్చి, ఖాళీ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక జేబుల్లో పెట్టుకున్నాడు.

అది చూడలేకపోయింది లోర్నా.

"గ్రిల్లు బాగానే ఉంది. గ్యాసు నేనే కట్టేశాను."

"ఏంటీ?"

"మొదటి రెండింటికీ కూడా నేనే."

"హోమ్‌లో గది చూశానని చెబితే, అప్పుడు కూడా నోరు విప్పలేదేమ్మా?"

"హోమ్‌లో పెడితే మనిషి ఉంటాడు. పేలితే ఉండడు కదా."

కెర్రిన్ తల పట్టుకుంది. అలా పట్టుకునే నవ్వింది, కళ్లు తుడుచుకుంది, వెళ్లి గ్యాసు తిప్పొచ్చింది. పటకారు తండ్రి చేతిలో పెట్టింది.

మెర్విన్ తొందరపడలేదు. సబ్బునీళ్లలో కుంచె ముంచి గొట్టం బిగించిన చోటల్లా రాశాడు. బుడగ రాలేదు, అంటే గ్యాసు ఎక్కడా కారడం లేదు. మూత తెరిచాకే మీట నొక్కాడు. నీలం మంట పరుచుకుంది. ఊచల మీద సాసేజీలు, పెనం మీద ఉల్లిపాయలు. ఒక్క సాసేజీ చిట్లలేదు, ఒక్కటి మాడలేదు. డగ్ లేచి బ్రెడ్ తెచ్చాడు.

"మతి పోయింది నాన్నకి కాదు, నీకు," అంది కెర్రిన్ తల్లి చెవిలో. "రేపే బయల్దేరండి."

లోర్నా ఎన్నాళ్లకో కుర్చీలో వెనక్కి వాలి కూర్చుంది.

"అయినా నాన్నా," అంది కెర్రిన్, "మూడుసార్లూ గ్యాసు రావట్లేదని నీకు అనుమానం కూడా రాలేదా?"

మెర్విన్ మంట కొంచెం తగ్గించాడు. సాసేజీలు ఒక్కొక్కటే తిప్పాడు. కొవ్వు కారి మంట మీద చుయ్యిమంది. కంచె మీద వాలిన సముద్రపు పిట్ట బ్రెడ్ కేసి చూస్తూ ఉండిపోయింది. కెర్రిన్ మళ్లీ అడగబోయి మానేసింది. డగ్ తినేశాడు, వేళ్లు తుడుచుకున్నాడు. ఎండ నీళ్ల మీంచి వెళ్లిపోయింది. మెర్విన్ మంట ఆర్పాడు, ఊచలు గీకి శుభ్రం చేశాడు, మూత వేశాడు. చివరగా మిగిలిన సాసేజీని బ్రెడ్‌లో ఉల్లిపాయలతో చుట్టి లోర్నాకి అందించాడు.

"గ్యాసు వస్తుంటే బుస్సుమని వినబడుతుంది. రాకపోతే నాకు తెలీదా?" అన్నాడు ఆవిడ వైపు కొంచెం వంగి. "మీరు కట్టేశారని చెబితే చిన్నబుచ్చుకుంటారని పాడైందన్నాను. వెళ్లేటప్పుడు ఎప్పట్లాగే కట్టేసి వెళ్లండమ్మా. మా ఆవిడ లోర్నాకి గ్యాసంటే మహా భయం."