నీలం అంచు గిన్నె

“ఇవాళ అమ్మ గిన్నె బయటికి తియ్యి వదినా. ఇంక దేనికీ నాన్న నోరు తెరిచేలా లేడు,” అంది ఆడపడుచు హాల్లోంచే.

వంటింట్లో కోడలు ఫ్రీజర్ తలుపు తీసింది. బఠాణీల సంచీ ఉంది. ఐసు ట్రే ఉంది. గిన్నె లేదు.

చనిపోయే ముందురోజు అత్తగారు కాలీఫ్లవర్ ఉడికించి, పైన చీజ్ సాస్ పోసి, నీలం అంచున్న గాజు గిన్నెలో సర్ది ఫ్రీజర్‌లో పెట్టింది. ఆదివారం ఓవెన్‌లో పెట్టుకుంటే సరిపోతుందంది. ఆదివారం వచ్చింది కానీ ఆవిడ లేదు. ఆవిడను సాగనంపి వచ్చినప్పటి నుంచి మామగారు టీ తప్ప ఏమీ ముట్టుకోవడం లేదు. ఇలాగే ఉంటే ఆయన కూడా దక్కడని ఇంట్లో అందరికీ లోపల భయం.

కోడలు తలెత్తి చూసింది. అలమారా పై అరలో, బిస్కట్ డబ్బాల పక్కన, నీలం అంచు గిన్నె బోర్లించి ఉంది. కడిగి ఉంది.

గుండె గుభేలుమనాలి. అనలేదు. ఆమె పళ్ళ డాక్టరు దగ్గర పనిచేస్తుంది. సూది వేశాక చెంప ఎలా మొద్దుబారుతుందో వచ్చినవాళ్ళకు రోజూ చెబుతుంది. ఇప్పుడు తన ఒళ్ళంతా ఆ చెంపలాగే ఉంది.

ఈ ఇంట్లో గిన్నెలు తోమేది తనొక్కతే. పరామర్శకు వచ్చినవాళ్ళు తెచ్చిన వంటలు సర్దడానికి ఫ్రీజర్ ఖాళీ చేసిందీ తనే. ఏం తీసిందో, ఏం పారేసిందో ఒక్కటీ గుర్తులేదు. మొన్నటికి మొన్న ఇస్త్రీ చేసిన చొక్కాల్ని తీసుకెళ్ళి మళ్ళీ వాషింగ్ మెషిన్‌లో పడేసింది. అలాంటి మహాతల్లి అత్తగారి ఆఖరి వంటను చెత్తబుట్టలో వేసి, గిన్నె తోమి, ఎప్పుడూ పెట్టని చోట పెట్టిందంటే వింతేముంది?

“దొరికిందా?”

“ఆఁ... గడ్డకట్టుకుపోయింది. కాస్త కరగాలి. నువ్వు రాకు, ఇక్కడ ఇరుకు.”

అబద్ధం ఎంత సులువుగా వచ్చిందో!

కూరల బుట్టలో వాడిపోయిన కాలీఫ్లవర్ ఒకటి ఉంది. నల్లమచ్చలు చెక్కేసి, పువ్వులు విడదీసి, ఉప్పు నీళ్ళలో పడేసింది. మూకుడులో వెన్న కరిగాక మైదా వేసి, పచ్చివాసన పోయేదాకా వేయించింది. పాలు కొద్దికొద్దిగా పోస్తూ కలిపింది. అయినా ఉండ కట్టింది. గరిటె వెనకవైపుతో నలిపి, చీజ్ తురుము వేసింది. అత్తగారు ఇంకేం వేసేది? ఆవపొడి. ఎంత? ఆవిడ ఏనాడూ కొలవలేదు, ఈవిడ ఏనాడూ అడగలేదు. అందాజుగా వేసింది. ఉడికిన పువ్వుల మీద సాస్ పోసి, ఫోర్కుతో అడ్డంగా గీతలు గీసింది. ఆ గీతలు మాత్రం బాగా గుర్తున్నాయి.

ఓవెన్‌లోంచి వాసన వస్తుంటే ఆడపడుచు హాల్లో ముక్కు చీదడం వినబడింది. కోడలికి కన్నీళ్ళు రాలేదు సరికదా, ఆకలి కూడా వెయ్యలేదు. దొరికిపోతానన్న భయం మాత్రం ఎక్కడో దూరంగా, పక్కింట్లో మోగే ఫోనులా ఉంది.

గిన్నె తెచ్చి బల్ల మీద పెట్టింది. సాస్ అంచుల్లో ఇంకా బుడబుడలాడుతోంది.

“అమ్మ చేసిందే నాన్నా. ఫ్రీజర్‌లో దాచిపెట్టింది చూడు, అదే,” అంది ఆడపడుచు.

మామగారు తల ఎత్తాడు. బస్సు నడిపి నడిపి అలవాటైన చూపు, దేన్నీ తొందరగా వదలదు. గిన్నెను చూశాడు. తర్వాత కోడలిని చూశాడు.

“ఫ్రీజర్‌లోదా?”

“అవును మామయ్యా,” అంది కోడలు, బల్ల అంచు పట్టుకుని.

ఆయన చెంచా తీసుకున్నాడు. ఒక ముద్ద తిన్నాడు. నెమ్మదిగా నమిలి మింగాడు. ఇంకో ముద్ద తీసుకున్నాడు.

“అమ్మ చేతి వంటే కదా నాన్నా?”

“కాక ఇంకెవరిది?” అన్నాడు.

ఆడపడుచు భోరున ఏడ్చేసింది. ఏడుస్తూనే “అన్నయ్యకి చెప్పాలి, నాన్న తిన్నాడని చెప్పాలి,” అంటూ ఫోను పట్టుకుని వరండాలోకి పరుగెత్తింది. ఆయన మూలల్లో మాడిన చీజ్ కూడా గీక్కుని తిన్నాడు.

కోడలు వంటింట్లో సింకు ముందు నిలబడింది. తిన్నాడు కదా, అంతే చాలు అనుకుంది. కానీ చాలలేదు. ఆయనకైనా నిజం చెప్పకపోతే ఈ మొద్దుబారినతనం జన్మకి వదలదనిపించింది.

వెనక అడుగుల చప్పుడైంది. తాగిన కప్పు కూడా ఏనాడూ సింకు దాకా మోయని మనిషి గిన్నె పట్టుకుని వచ్చాడు.

“మామయ్యా, నేనొక ఘోరం చేశాను. అది అత్తయ్య చేసింది కాదు. అత్తయ్యది నేనే పారేసి, గిన్నె కడిగేసినట్టున్నాను. నాకేమీ గుర్తులేదు.”

ఆయన కుళాయి తిప్పి, చేతకాని చేతులతో గిన్నె కడిగాడు. చొక్కా అంచుతో తుడిచాడు. చెయ్యి చాచి, పై అరలో బిస్కట్ డబ్బాల పక్కన బోర్లించాడు.

కోడలు ఆ గిన్నెను చూసింది, ఆయన్ని చూసింది.

“నువ్వేం పారెయ్యలేదమ్మా,” అన్నాడు ఆయన, గోడ వైపు తిరిగి. “ఆవిణ్ణి సాగనంపి వచ్చి మీరంతా పడుకున్నారు చూడు, ఆ మధ్యాహ్నం ఇక్కడే నిలబడి, గడ్డ కాస్త కరిగాక, చల్లగానే, మొత్తం తినేశాను. ఆవిడ పోయిన రోజు నాకు ఆకలేసిందమ్మా.”