తేరు కింద కట్టె

"ఈ ఏడు తేరు నా వాకిట్లోనే నిలవాల, పెరుమాళూ! ఎదురింటి ముందర నిలిచిందో, నీకూ నాకూ మాటల్లేవు."

కుప్పమ్మాళ్ మురుకుల డబ్బా తెచ్చి పెరుమాళ్ ఒళ్లో పెట్టింది. అమ్మవారి తేరు చక్రాల కింద కట్టె వేసి ఆపేది అతనే. తేరు ఎవరి వాకిట్లో ఆగితే తొలి హారతి వాళ్లది. అది కదిలేదాకా లాగేవాళ్లకు అన్నం పెట్టే వంతూ వాళ్లదే. కిందటేడు ఆ భాగ్యం ఎదురింటి తోడికోడలు ముత్తులక్ష్మికి దక్కింది. అప్పట్నుంచి ఆమె తల దించి నడిచింది లేదు.

"అంతా కట్టెలో ఉండాది పెద్దమ్మా," అంటూ పెరుమాళ్ మురుకు కొరికాడు.

విరుదునగర్ కాలేజీలో చదివే మనవరాలు బృంద నవ్వింది. "అవ్వా, ఈ కట్టెని ఇంగ్లీషులో వెడ్జ్ అంటారు. చక్రాన్ని ఆపేదీ వెడ్జే, మొద్దును చీల్చేదీ వెడ్జే. కోవిల్‌పట్టి బేకరీలో వేయించి అమ్మే ఉర్లగడ్డ దుంప ముక్కలూ వెడ్జే."

"అన్నిటికీ ఒకటే పేరా? అంత కరువేమే వాళ్లకి మాటలకి?"

"ఇద్దరి నడుమ దూరి విడదీస్తే, దాన్నీ వెడ్జ్ అనే అంటారు."

"అట్ల చెప్పు! ఎదురింటి మీ చిన్నవ్వకి ఇంగ్లీషులో కూడా పేరుండాదే!"

మేళం దగ్గరికొచ్చింది. తేరు ఊగుతూ, గలగలలాడుతూ వచ్చి, సరిగ్గా కుప్పమ్మాళ్ ముగ్గు మీద ఆగింది. తొలి హారతి కళ్లకద్దుకుని ఆమె ఎదురింటి వైపు చూసింది. ముత్తులక్ష్మి అరుగు మీద నిలబడి తీరిగ్గా నవ్వుతోంది. అదొక్కటే కుప్పమ్మాళ్‌కి నచ్చలేదు.

పెరుమాళ్ కట్టె లాగి అందరికీ ఎత్తి చూపించాడు. "లాగండ్రా!"

లాగారు. మోకు కిర్రుమంది. తేరు కదల్లేదు.

"అమ్మకి ఈ ఇల్లు ఇడిచి పోయేదానికి మనసు రాలే!" అని ఎవరో అరిచారు. కుప్పమ్మాళ్ కళ్లల్లో నీళ్లు గిర్రున తిరిగాయి. "కూచోండప్పా, కూచోండి! ఆకులెయ్యి బృందా!"

మొదటి బంతి లేచి లాగింది. కదల్లేదు. రెండో బంతి తిని లాగింది. ఊహూ. ఇంతలో కోవిల్‌పట్టి నుంచి విరుదునగర్ పోయే బస్సు తేరు వెనక చిక్కుకుపోయింది. సాంబారు వాసనకు బస్సు బస్సంతా దిగి ఆకుల ముందు కూర్చుంది. డ్రైవరు కాసేపు మోకు పట్టి, చెయ్యి కడుక్కుని మళ్లీ బంతిలోకొచ్చాడు. కండక్టరు రసం మారడిగాడు. బియ్యం బస్తా అడుగు కనబడింది. పక్కిళ్ల బియ్యం బదులొచ్చింది, అదీ ఉడికింది, అదీ అయిపోయింది.

బంతి చివర ముత్తులక్ష్మి కూడా ఆకేసుకుని కూర్చుంది. "సాంబారు బాగుండాదక్కా. ఇంకొంచెం పొయ్యి."

కుప్పమ్మాళ్ గరిటె పడేసి, పెరుమాళ్‌ని చెయ్యి పట్టుకుని తేరు చాటుకి ఈడ్చుకెళ్లింది. "ఒరేయ్, నేను ఆపమంటి గానీ పాతిపెట్టమంటినా? కట్టె తీస్తివా, లేదా?"

"నీ కట్టె ముందు చక్రం కిందిది పెద్దమ్మా, దాన్ని అప్పుడే తీసేస్తి," అన్నాడు పెరుమాళ్ వేళ్లు నాక్కుంటూ. "వెనక చక్రం కిందిది ముత్తులక్ష్మి చిన్నమ్మది. పాయసం తాగి లేచినాక తియ్యమనింది."