వనజక్క పేరున వెబ్‌సైటు

పుంగనూరంతా వనజక్క టమోటా ఊరగాయను మెచ్చుకుంటుంటే నాకు కడుపు మండేది. అందుకే ఆమెకంటే ముందే ఆమె పేరున వెబ్‌సైటు కొని, అందులో నా ఫోన్ నంబరు పెట్టాను. వచ్చిన ఆర్డర్లన్నిటికీ నా ఊరగాయే పంపాను.

ఇవాళ వనజక్క లాయరు నోటీసు పట్టుకొని మా ఇంటికే వచ్చింది.

“ట్రేడ్‌మార్కు నా పేరుమీద ఉండాది. ఆ వెబ్‌సైటు నాకిడిసిపెట్టమ్మా.”

అంతలో ఫోన్ మోగింది. ఆమె ఉడుక్కోవాలని స్పీకరు పెట్టాను.

“వనజక్కా, మదనపల్లె నించి మాట్లాడతాండా. ఇన్నేండ్లుగా నీ ఊరగాయే తింటాండాం గానీ, ఈ తూరి ఉన్నంత రుచి ఎప్పుడూ లేదక్కా!”

నా చేతి రుచిని ఒకరు మెచ్చుకోవడం అదే మొదటిసారి. అది నాదేనని చెప్పబోయాను. ఎదురుగా నోటీసు కనబడింది.

వనజక్క ఫోన్ దగ్గరికి వంగింది.

“సంతోషమమ్మా. ఈ తూరి నాకు పాళ్లు బాగా కుదిరినాయి.”