మూడడుగుల చెత్త

“మళ్ళీ మోగిందటయ్యా,” అన్నాడు మేనేజర్ తాతాజీ, టీ గ్లాసు బల్లమీద ఠపీమని పెట్టి. “పన్నెండులోగా ఆ సైరన్ నోరు మూయించకపోతే కాంట్రాక్టు పోతుంది. దాని వెనకే నువ్వూను.”

రాజరత్నం తల ఎత్తలేదు. కాకినాడ ఆఫీసులో కూర్చుని, ఉప్పాడలో ఒక నేత ఇంటి గోడకు బిగించిన కంప్యూటర్‌లోకి తొంగిచూస్తున్నాడు. సముద్రం ఆ ఇంటికి ఎన్నడుగుల దూరంలో ఉందో పెరట్లోని సెన్సర్ కొలుస్తుంది. తీగ మీద వచ్చే ఆ అంకెను అందుకునేది, కంప్యూటర్‌ని నడిపే మూల ప్రోగ్రాం కెర్నెల్ కడుపులో కూర్చున్న సీరియల్ డ్రైవర్ అనే చిన్న ప్రోగ్రాం. పదడుగుల లోపుకి వస్తే సైరన్.

ఆ డ్రైవర్ కోడ్ తెరిస్తే, మూడు రోజులు కడగని క్యారేజీ మూత తీసినట్టుంది.

“ఛీ, ఎవడు సార్ రాసింది? వచ్చిన అంకెల్ని కాసేపు ఆపి ఉంచే బఫర్‌ని బఫే అనుకున్నాడు. వచ్చిన అంకెనే రెండుసార్లు వడ్డించుకుంటున్నాడు.”

“తిట్టడం తర్వాత. దిద్దడం ముందు.”

ఫోన్ మోగింది. ఆ ఇంటావిడ వీరవేణి.

“బాబూ, ఇది ఆగకుండా మోగుతోందండి. ఏం చెయ్యమంటారు?”

“కాస్త ఓర్చుకోండమ్మా. ఆ పనిమీదే ఉన్నాను.”

“మరి పిల్లల్ని…”

“చెవుల్లో దూది పెట్టండి,” అని ఫోన్ పెట్టేశాడు.

రెండో వడ్డన పీకేసి, డ్రైవర్‌ని మళ్ళీ ఎక్కించాడు. అంకె మారలేదు. మూడు.

“నిన్న నలభై, ఇవాళ మూడా? సముద్రం బస్సెక్కి వచ్చిందా?” రాజరత్నం కీబోర్డుని అవతలికి నెట్టాడు. “ఇది సీరియల్ పోర్టు కాదు సార్, టీవీ సీరియల్. చెప్పిందే చెబుతుంది, ఒక్క ముక్క నమ్మడానికి ఉండదు.”

“పావు తక్కువ పన్నెండయ్యా.”

ఇంత కంపులో ఇంకా చెయ్యి పెట్టడం అతనివల్ల కాలేదు. ముక్కు మూసుకున్నంత పని చేసి ఒక్క లైను రాశాడు: పదికి తక్కువ ఏ అంకె వచ్చినా చెత్త కింద లెక్క, పారెయ్. ఎక్కించాడు. తెరమీదికి నిన్నటి నలభై వచ్చి బుద్ధిగా నిలబడింది.

తాతాజీ మొహం విప్పారింది. “శభాష్. ఆవిడకో మాట చెప్పు, మళ్ళీ పైకి ఫిర్యాదు చెయ్యకుండా.”

రాజరత్నం ఫోన్ చేశాడు. “సైరన్ ఆగిందా అమ్మా?”

“ఆగిందండి.”

“మరింకేం. మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని హాయిగా చీర నేసుకోండి.”

“ఎలాగండీ?” అంది వీరవేణి. “గుంటనిండా సముద్రమేనండి.”