ప్రమాణం దాకా

ప్రెసిడెంటుగా గెలిచిన గ్రేడీ ప్రమాణం చేయకముందే, థాంక్స్‌గివింగ్ పండగ విందులో టర్కీ కోడి ఎముక గొంతులో ఇరుక్కుని పోయాడు.

జనం ఓట్లయ్యాక, డిసెంబరులో రాష్ట్రాల ప్రతినిధులం వేసేదే ప్రెసిడెంటుని తేల్చే అసలు ఓటు. పార్టీలో గ్రేడీ మీద పోటీచేసి ఓడిన నాకు ముష్టిగా పడేసిన పదవి అది.

"పెద్దాయనా, మనకి ఒక్క ఓటే ఎక్కువ. గ్రేడీ బదులు ఆయనతో గెలిచిన వైస్ ప్రెసిడెంటు పేరు రాయండి, మీకు పుణ్యముంటుంది," అంది పార్టీ కార్యదర్శి లొరేటా.

రాసిచ్చాను. చీటీ చూసి ఆమె గుండె మీద చెయ్యేసుకుంది.

"మీ పేరే రాసుకున్నారేంటి! మతిపోయిందా?"

"గ్రేడీ ఊరూరా ఏమన్నాడమ్మా? 'ఈ ముసలాడు ప్రమాణం దాకా బతకడు, బతికేవాడికే వెయ్యండి' అనలేదూ? పోయినవాడి మాట కాదంటామా?"

ఆమె ఏడుస్తూ ఫోనందుకుంది.

ప్రమాణానికి ఇంకా నెల ఉంది. బయట మెట్లనిండా మంచు. గోడ పట్టుకుని, ఒక్కో మెట్టే జాగ్రత్తగా దిగాను.